సెప్సిస్ హెచ్చరిక: ముందే మోగితే చాలునా?

జంషెడ్‌పూర్‌లోని బర్మామైన్స్‌లో ఉన్న జాతీయ లోహ పరిశోధనశాలను 1950 నవంబరు 26న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. ఉక్కు నగరంలో తరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలకు ఆ పేరు కొత్త కాదు. అక్కడి శాస్త్రవేత్తలు చేసే పనుల్లో ముఖ్యమైనది లోహపు ఆయుర్దాయాన్ని లెక్కగట్టడం. విద్యుత్కేంద్రాల బాయిలరు గొట్టాలు ఏళ్ల తరబడి వేడినీ, ఒత్తిడినీ భరిస్తూ లోలోపల బలహీనపడతాయి. అవి పగలకముందే, ఇంకా ఎంతకాలం మన్నుతాయో చెప్పాలి. ఆ అంచనా సరియైనదో కాదో తేల్చుకొనే దారి కూడా ఇంజనీరుకు ఉంది. గొట్టంలో ఒక ముక్కను కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే నిజం బయటపడుతుంది.

వైద్యంలోనూ ఇలా ముందే చెప్పే ప్రయత్నం ఒకటి ముప్పై ఏళ్లకు పైగా సాగుతోంది. ఇంటెన్సివ్ కేర్ యూనిట్లో ఉన్న రోగికి సెప్సిస్ వచ్చిందని, లేదా రాబోతున్నదని, వీలైనంత త్వరగా కనిపెట్టడమే దాని లక్ష్యం. కొత్త రక్తపరీక్షలు, కంప్యూటర్ పద్ధతులు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. "గంటల ముందే పసిగట్టింది" అనే వార్తలు మీరూ చదివే ఉంటారు. అయితే ఇక్కడ కోసి చూసేందుకు ముక్క ఏదీ లేదు. ఈ తేడాను మరిచి రాసిన వార్తలే ఎక్కువ. అందుకే ఈ పరిశోధనను కొంచెం నిలదీసి చూద్దాం.

సెప్సిస్ అంటే ఏమిటి?

ఒంట్లోకి సూక్ష్మజీవులు ప్రవేశించినప్పుడు రోగనిరోధక వ్యవస్థ వాటిపై పోరాడుతుంది. కొందరిలో ఆ పోరాటం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీస్తుంది. మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, మెదడు, గుండె ఒక్కొక్కటిగా కుంటుపడతాయి. ఇదే సెప్సిస్. 2016లో ప్రకటించిన అంతర్జాతీయ నిర్వచనం సారాంశం ఇంతే. 2020లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2017లో ప్రపంచంలో సుమారు 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ వచ్చింది. వారిలో కోటీ పది లక్షల మంది మరణించారు. అంటే ఆ ఏడాది సంభవించిన ప్రతి ఐదు మరణాల్లో దాదాపు ఒకదానికి సెప్సిస్‌తో సంబంధం ఉంది.

కాలం ఎంత విలువైనదో చెప్పడానికి అందరూ ఉదహరించే అధ్యయనం 2006లో వచ్చింది. సెప్సిస్ ముదిరి రక్తపోటు పడిపోయిన రోగులను అందులో పరిశీలించారు. పడిపోయిన మొదటి గంటలోనే తగిన యాంటీబయాటిక్ అందినవారిలో దాదాపు 80 శాతం బతికారు. ఆ తరువాతి ఐదారు గంటల్లో, ఆలస్యమైన ఒక్కొక్క గంటకు బతికేవారి శాతం సగటున 7.6 చొప్పున తగ్గింది. ఈ సంఖ్యను కంఠస్థం చేయని వైద్య విద్యార్థి ఉండడు.

అయితే ఒక సంగతి గమనించండి. ఆ రోగులందరూ అప్పటికే షాక్‌లో ఉన్నవారు. వారిని చూసి తేల్చిన మాటను, జ్వరంతో ఆసుపత్రిలో చేరిన ప్రతివారికీ వర్తింపజేయడం న్యాయం కాదు. 2021 నాటి అంతర్జాతీయ చికిత్సా మార్గదర్శకాలు ఈ తేడాను గుర్తించాయి. షాక్ ఉంటే గంటలోపు యాంటీబయాటిక్ ఇమ్మన్నాయి. షాక్ లేకుండా అనుమానం మాత్రమే ఉంటే, త్వరగా పరీక్షించి, ఆ అనుమానం నిలిస్తే మూడు గంటలలోపు ఇమ్మన్నాయి. వార్తల్లో మాత్రం ఈ తేడా సాధారణంగా కనిపించదు.

కొలబద్దే కదిలితే?

మలేరియాకు రక్తపు చుక్కలో పరాన్నజీవి కనిపిస్తుంది. సెప్సిస్‌కు అలాంటి ఒకే ఒక్క రుజువు లేదు. రక్తాన్ని కల్చర్ చేసి సూక్ష్మజీవిని పెంచి చూడాలంటే సాధారణంగా ఒకటి రెండు రోజులైనా పడుతుంది. సెప్సిస్ రోగుల్లో చాలామందికి కల్చర్‌లో ఏమీ పెరగదు కూడా. ప్రొకాల్సిటోనిన్ అనే పదార్థం బాక్టీరియా సోకిన కొద్ది గంటల్లోనే రక్తంలో పెరుగుతుంది. కానీ పెద్ద గాయాలకూ, కాలిన పుండ్లకూ, పెద్ద ఆపరేషన్లకూ పెరుగుతుంది. ఇంటెన్సివ్ కేర్‌లో అలాంటివారూ చాలామందే ఉంటారు!

అప్పుడు వైద్యులు చేసేదేమిటి? కొన్ని లక్షణాలనూ, అవయవాల పనితీరునూ కలిపి, "ఇన్ని ఉంటే సెప్సిస్ అందాం" అని ఒప్పందానికి వస్తారు. ఆ ఒప్పందం కాలానుగుణంగా మారుతుంటుంది. మన దేశంలో 35 ఇంటెన్సివ్ కేర్ యూనిట్లలో 680 మంది రోగులను పరిశీలించిన అధ్యయనం 2022లో వెలువడింది. పాత, కొత్త నిర్వచనాల్లో ఒకదాని ప్రకారం వారిలో 56 శాతం మందికి సెప్సిస్ ఉంది. మరొకదాని ప్రకారం చూస్తే 33 శాతానికే ఉంది. అవే మంచాలు, అదే రోగులు. మారింది కొలబద్ద ఒక్కటే. కనుక "మా పరీక్ష 90 శాతం సరియైనది" అని ఎవరైనా చెబితే మీ మొదటి ప్రశ్న ఇలా ఉండాలి: దేనితో పోల్చి సరియైనది?

ఒక చిన్న లెక్క

అమెరికాలో ఎపిక్ అనే సంస్థ తయారుచేసిన సెప్సిస్ హెచ్చరిక పద్ధతి వందలాది ఆసుపత్రుల్లోకి వెళ్లింది. దాన్ని సంస్థతో సంబంధం లేకుండా పరీక్షించిన మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ఫలితాలు ప్రకటించారు. వారి లెక్కను వెయ్యి మందికి కుదించి చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

వెయ్యి మందిలో సుమారు 70 మందికి సెప్సిస్ వచ్చింది. హెచ్చరిక మోగింది 180 మందికి. కానీ నిజమైన 70 మంది రోగుల్లో అది పట్టుకున్నది మూడింట ఒక వంతునే, అంటే 23 మందిని. మిగిలిన 47 మంది విషయంలో అది నోరు మెదపలేదు. మోగిన 180 హెచ్చరికల్లో 157 వృథా. ఒక నర్సు ఎనిమిది సార్లు పరుగెత్తితే, ఏడు సార్లు అక్కడ సెప్సిస్ ఉండదు. తోడేలు కథలో పిల్లవాడి కేక ఏమైందో మీకు తెలుసు కదా! మాటిమాటికీ మోగే గంటను మనుషులు వినడం మానేస్తారు. ఆసుపత్రిలో అది కథగా మిగలదు, ప్రాణం మీదికి వస్తుంది.

అంతకన్నా లోతైన లోపాన్ని అదే విశ్వవిద్యాలయం 2024లో బయటపెట్టింది. సెప్సిస్ ఉన్నవారొకరిని, లేనివారొకరిని జతగా ఇస్తే, ఎవరికి ప్రమాదం ఎక్కువో ఆ పద్ధతి నూటికి ఎన్నిసార్లు సరిగ్గా చెబుతుందో చూశారు. రోగి ఆసుపత్రిలో ఉన్నంతకాలపు సమాచారమంతా ఇస్తే 87 సార్లు సరిగ్గా చెప్పింది. నిర్వచనం ప్రకారం సెప్సిస్ ఏర్పడకముందటి సమాచారం మాత్రమే ఇస్తే 62 సార్లు. వైద్యుడు రక్తం కల్చర్‌కు పంపకముందటి సమాచారానికే పరిమితం చేస్తే 53 సార్లు. నాణెం ఎగరేసినా 50 సార్లు వస్తుంది!

దీని అర్థం ఏమిటి? వైద్యుడికి అనుమానం వచ్చి పరీక్షలు రాశాడు. ఆ పరీక్షల ఆనవాళ్లు కంప్యూటర్లోకి ఎక్కాయి. కంప్యూటర్ వాటిని చూసి "ఇతనికి సెప్సిస్ కావచ్చు" అంది. అంటే వైద్యుడి అనుమానాన్నే తిప్పి వైద్యుడికి అప్పజెప్పింది. పక్కవాడి జవాబుపత్రం చూసి రాసిన పరీక్షలో మార్కులు వస్తాయి, జ్ఞానం రాదు. ఈ ఫలితాలు ఆనాడు పరీక్షించిన రూపానికి సంబంధించినవే. అయినా పాఠం మాత్రం అన్ని పద్ధతులకూ వర్తిస్తుంది. "గంటల ముందే" అన్నప్పుడు, దేనికి ముందు అని అడగాలి.

మెచ్చుకోదగినవి

అన్నీ ఇలాంటివే అనుకుంటే పొరపాటు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డార్జిలింగ్‌లో పుట్టిన సుచి సారియా బృందం తయారుచేసిన పద్ధతి ఫలితాలు 2022లో వచ్చాయి. ఐదు ఆసుపత్రుల్లో సుమారు 5 లక్షల 90 వేల మందిని ఆ పద్ధతి గమనించింది. అది గుర్తించిన సెప్సిస్ రోగుల్లో, వైద్యుడు మూడు గంటలలోపు హెచ్చరికను చూసి ధ్రువీకరించినచోట మరణాలు తక్కువగా ఉన్నాయి. రోగుల పరిస్థితుల్లోని తేడాలను సరిచేసి చూస్తే ఆ తగ్గుదల దాదాపు 19 శాతం. ఈ అధ్యయనంలోని మంచి ఏమిటంటే, గంట మోగిందా అన్న దగ్గర ఆగకుండా, మోగిన తరువాత ఎవరు ఏం చేశారు, రోగి బతికాడా అని అడిగింది. లోపం కూడా చెప్పుకోవాలి. రోగులను చీటీ వేసి రెండు గుంపులుగా విడదీయలేదు. హెచ్చరికను త్వరగా చూసే వైద్యులు మిగతా విషయాల్లోనూ చురుకైనవారు కావచ్చు. కనుక ఘనత అంతా గంటదే అనలేం.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మహారాష్ట్రలోని గడ్చిరోలి తెలంగాణ సరిహద్దు జిల్లా. అక్కడ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు 39 గ్రామాల్లో కొద్దిపాటి చదువు ఉన్న స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. వారు ఇల్లిల్లూ తిరిగి పసికందులను చూసేవారు. ఏడుపు నీరసంగా ఉందా? పాలు తాగడం తగ్గిందా? కాళ్లూ చేతులూ వేలాడేస్తోందా? ఒళ్లు చల్లబడిందా? ఊపిరి వేగంగా తీస్తోందా? ఇలాంటి గుర్తులతోనే సెప్సిస్‌ను అనుమానించి, ఇంటివద్దే యాంటీబయాటిక్ ఇచ్చారు. 1999లో 'లాన్సెట్'లో ఫలితాలు వచ్చాయి. సెప్సిస్ సోకిన శిశువుల్లో మరణాలు 16.6 శాతం నుంచి 2.8 శాతానికి పడిపోయాయి. ఇందులోనూ గ్రామాలను చీటీ వేసి ఎంచలేదు. కానీ గుర్తించిన మనిషి చేతిలోనే మందు కూడా ఉండడం ఇందులోని అసలు బలం. ఖరీదైన యంత్రాల పరిశోధనల్లో చాలాచోట్ల లోపించినది సరిగ్గా ఈ లంకెయే.

వృథా హెచ్చరికల ఖర్చు

"పోనీ, అనుమానం ఉన్న అందరికీ యాంటీబయాటిక్ ఇచ్చేస్తే సరి" అని మీకు తోచవచ్చు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించిన రోజుల్లో, 1948లో, ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. ఆ తరం మందులు ఎన్నో ఇప్పుడు చాలా సూక్ష్మజీవులపై పనిచేయడం లేదు. అక్కరలేనిచోట వాడిన ప్రతి మోతాదూ మందుకు లొంగని సూక్ష్మజీవులను పెంచి పోషిస్తుంది. ఈరోజు వృథా హెచ్చరికకు వాడిన మందు, రేపు నిజంగా సెప్సిస్ వచ్చినవారికి పనిచేయకుండా పోవచ్చు. హెచ్చరికల పరిశోధనలు ఈ ఖర్చును కూడా లెక్కలో చూపాలి. చూపేవి తక్కువ.

కనుక ఈసారి "సెప్సిస్‌ను ముందే కనిపెట్టే పరీక్ష" అనే వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏ కొలబద్దతో పోల్చారు? వైద్యుడి అనుమానానికి ముందా, తరువాతనా? చివరకు బతికినవారి సంఖ్య పెరిగిందా? మూడింటికీ జవాబు ఉన్న పరిశోధనను నెత్తిన పెట్టుకుందాం. లేనిదాన్ని ఇంకా సగంలో ఉన్న పనిగానే చూద్దాం.

మరో మాట. ఇంట్లో జ్వరంతో ఉన్న పెద్దవారు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతున్నా, ఎగశ్వాస తీస్తున్నా, మూత్రం బాగా తగ్గినా, ఒళ్లు చల్లబడి చెమటలు పోస్తున్నా రేపటిదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి, "ఇది సెప్సిస్ కావచ్చునా?" అని అడగండి. ఆ ప్రశ్న అడగడానికి ఏ యంత్రమూ అక్కరలేదు.