రాజమహేంద్రవరం: సరిహద్దు పట్టణ చరిత్రను చదవవలసిన తీరు

మల్లంపల్లి సోమశేఖరశర్మ గారి రెడ్డి రాజ్యాల చరిత్రను 1948లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆంగ్లంలో ప్రచురించింది. శాసనాలను, కావ్యాలను పక్కపక్కన ఉంచి ఒక యుగాన్ని నిలబెట్టిన ఆ కృషికి తెలుగునాడు ఋణపడి ఉంది. అయితే ఆ చరిత్ర సుమారు 1325తో మొదలవుతుంది. దానికి ఒక్క ఏడు ముందటి శిలాక్షరాలు రాజమహేంద్రవరం మసీదులో ఉన్నాయి. కనుక గడప దగ్గరనే పాఠకుడు కొంత ఆగవలసి ఉంది.

ఆ పారసీ శాసనం హిజ్రీ 724 (క్రీ.శ. 1324) నాటిది. ఓరుగల్లు పడిన మరుసటి ఏడు, ఉలూగ్ ఖాన్ అధికారం కింద, సాలార్ ఉల్వీ ఈ మసీదు కట్టించినట్లు అది చెబుతుంది. అక్కడ పూర్వం వేణుగోపాలస్వామి ఆలయం ఉండేదన్న స్థానిక ఐతిహ్యాన్ని ముస్లిం పాఠకులు దాటవేయరాదు.

రెండవ సాక్ష్యం ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం. తురుష్క దండయాత్రలో దేవాలయాలు, అగ్రహారాలు పడిన పాట్లను అది వర్ణిస్తుంది. దానశాసనానికి ప్రభువును పొగిడే అలవాటు ఉన్నమాట నిజమే. అంతమాత్రాన అందలి దుఃఖం కల్పితమని తీసివేయడం న్యాయం కాదు. శర్మగారు 1945 నాటి మరొక గ్రంథంలో ఆ ఘట్టాన్ని విముక్తిగా చూడడానికి ఆధారం లేకపోలేదు.

అయితే మూడవ సాక్ష్యం కూడా కలదు. రాజమహేంద్రవర రెడ్డిరాజుల మంత్రి బెండపూడి అన్నయ. అతడు అహమ్మదు అనే సుల్తానుకు కాగితం మీద పారసీలో లేఖలు వ్రాసిన నేర్పును శ్రీనాథుడు ‘భీమేశ్వరపురాణం’లో ప్రశంసించాడు. శైవక్షేత్ర మహిమను చెప్పే కావ్యంలో ఆ ప్రశంసకు చోటు దొరకడం గమనింపదగినది. నూరేళ్ళలో శత్రువు భాష మంత్రికి అలంకారమైంది.

సరిహద్దు పట్టణాల స్వభావమే ఇది. కాకస్ పర్వతాల చెంత ఉన్న దర్బందును అరబ్బులు బాబుల్ అబ్వాబ్ అన్నారు. దాని చరిత్రను మినోర్‌స్కీ 1958లో వెలువరించాడు. అందులో అమీరు మైమూన్ 987లో తన పట్టణ ప్రముఖులనే ఎదిరించడానికి రూసుల సాయం కోరుతాడు. మతమొక్కటే గీత గీసి ఉంటే ఇది జరిగేది కాదు.

కాబట్టి విలస రాగిరేకును మాత్రమే చదివినవాడు పగను చూస్తాడు. అన్నయ లేఖను మాత్రమే చదివినవాడు స్నేహాన్ని చూస్తాడు. మసీదు రాతిని మాత్రమే చదివినవాడికి విజయం తప్ప మరేదీ కనిపించదు. మూడింటినీ ఒకేచోట ఉంచి చదివినప్పుడే రాజమహేంద్రవరం కనిపిస్తుంది.