బిగుసుకొన్న క్లచ్ పెడలు

పాతబడిన కారులో క్లచ్ పెడలు బిగుసుకొనుట ఒక్కనాటి వృత్తాంతము కాదు. అది నెలల తరబడి, రవ్వంత చొప్పున పెరుగుచు వచ్చును. ప్రతిదినము ఆ బండినే నడుపువాని పాదము దాని బరువునకు తెలియకుండగనే అలవాటుపడగా, అతడు తుదకు మోకాటినొప్పిని వయసు మీదను, విజయవాడ బెంజి సర్కిలు రద్దీ మీదను మోపి ఊరకుండును. ఇంకెవరైనను తాళములు తీసికొని ఆ బండిని నాలుగు వీథులు త్రిప్పి తెచ్చి, "ఏమండీ, మీ క్లచ్ ఇంత గట్టిగా ఉందేమిటి?" అని అడిగినప్పుడు గాని యజమానికి సంగతి తెలియదు. అందుచేత పాత బండి గలవారు ఏడాదికొక పర్యాయమైనను అదే రకపు మరియొక బండి పెడలును తొక్కి, తమదానితో పోల్చి చూచుకొనుట మంచిదని నేను భావింతును.

నేనిచ్చట చెప్పబోవునది మారుతి 800ను గూర్చి. 1983 డిసెంబరులో తొలి బండి కొనుగోలుదారు చేతికి వచ్చినది మొదలు 2014 జనవరిలో తయారీ నిలిచిపోవువరకు, మూడు దశాబ్దములు మన మధ్యతరగతి గృహస్థులలో పెక్కుమందికి తొలి కారై నిలిచిన వాహనమిది; నా యింటి ముంగిట నున్నదియు నదే. దీని క్లచ్ కేబులుతో పనిచేయును. పైతొడుగులో ఉక్కుతీగ జారుచు, ఒక కొనను లాగినచో రెండవ కొన కదలునట్టి ఈ యేర్పాటునకు 1896లో ఇంగ్లండున బౌడెన్ అనునతడు పేటెంటు పొందెను. సైకిలు బ్రేకులలో మనమెరిగిన తీగయు నిదియే. పాదము పెడలును నొక్కగా పెడలు తీగను లాగును. తీగ గేరుబాక్సు చెంతనున్న ఫోర్కును త్రిప్పును. ఫోర్కు రిలీజు బేరింగును నెట్టును. ఆ బేరింగు ప్రెషర్ ప్లేటు నడుమనున్న డయాఫ్రం స్ప్రింగు వ్రేళ్లను లోపలికి నొక్కగా, ఫ్లైవీలునకును ప్రెషర్ ప్లేటునకును మధ్య నొత్తుకొనియున్న క్లచ్ ప్లేటు విడివడును.

ఇన్ని యంగములలో ఎక్కడ ఒరపిడి కలిగినను పాదమునకు మాత్రము అది పెడలు బిగువుగనే తెలియుచున్నది. దోషమును కనుగొను విద్యలోని చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఇందలి సౌందర్యమును ఇచ్చటనే యున్నదని నా నమ్మకము. పెడలు గట్టిపడినదనగనే కేబులు మార్చివేయుట మన షెడ్లలో వాడుక. కేబులు చవుక, పని స్వల్పము, పెక్కుమార్లు దోషమును దానిదే యగును. కాని పరీక్షింపక మార్చినప్పుడు, క్రొత్త తీగ జారుడువలన పెడలు కొంత తేలికపడి, లోపలి దోషము మరికొన్ని నెలలు మరుగునపడి పెరుగుచుండును. అది నాకు సమ్మతము గాదు.

పానా పట్టుటకు ముందే పెడలును వ్రేలితో మెల్లగా నొక్కి, బరువు తగులువరకు అది ఎంత దూరము ఊరక దిగునో చూడవలెను. మేస్త్రీలు దీనిని ప్లే అందురు. కేబులు క్లచ్ గల పెక్కు బండ్లలో ఇది 15 నుండి 25 మిల్లీమీటర్ల వరకు నుండును. ఈ ప్లే చెప్పు సాక్ష్యము మిక్కిలి విలువైనది. తీగ పోగులు తెగి సాగుచున్నయెడల ప్లే పెరుగును. క్లచ్ ప్లేటు అరిగిపోవుచున్నయెడల ప్రెషర్ ప్లేటు ఫ్లైవీలు వైపు జరిగి, స్ప్రింగు వ్రేళ్లు బేరింగు మీదికి లేచి, ప్లే తరుగును. అంతేగాక, శంకువు ఆకృతి గల యా స్ప్రింగు నిలిచిన కోణము మారి, నొక్కుటకు మునుపటికంటె ఎక్కువ బలమును కోరును. అరిగిన వస్తువు తేలికపడునని మనము తలతుము. ఇచ్చట అరిగినకొలది బరువెక్కును. కావున పెడలు గట్టిపడి, ప్లేయును తరిగి, ఇంద్రకీలాద్రి ఘాటు రోడ్డు వంటి యెగువలో యాక్సిలరేటరు నొక్కినప్పుడు ఇంజను హోరు పెరిగియు బండి వేగము పెరుగకున్నచో, కేబులు జోలికి పోనక్కరలేదు; క్లచ్ ప్లేటుకే కాలము తీరినది.

ఈ లక్షణములు లేనిచో, ఫోర్కు కొననున్న నట్టును వదులుచేసి కేబులును ఫోర్కునుండియు పెడలునుండియు విడదీయవలెను. అప్పుడు పెడలును చేతితో నొక్కగా అది యొంటరిగనే మొరాయించినయెడల, దోషము పెడలు ఇరుసు బుష్షులది. అది స్వేచ్ఛగా నాడినయెడల, లోపలి తీగను ఇటునటు లాగి చూడవలెను; మెత్తగా జారక ఇసుకమీద లాగినట్లు గరగరలాడినచో లోపల పోగులు తెగియున్నవి. ఈ పరీక్ష కేబులును బండిలోనుండి తీయకముందే జరుగవలెను, ఏలయన బల్లమీద చాచినప్పుడు చక్కగా జారిన తీగయే, బండిలో దాని దారిలోని ఒక్క వంపు ఇరుకైనను పట్టివేయును. ఇక ఫోర్కు. బేరింగు స్ప్రింగు వ్రేళ్లకు తగులువరకు అది చేతికి తేలికగా తిరుగవలెను. ఆ కొద్దిపాటి కదలికలోనే బిగువున్నచో దాని ఇరుసు బుష్షులు ఎండి త్రుప్పుపట్టినవని ఊహింపవచ్చును.

కేబులుదే దోషమని తేలిన తరువాతను ఒక ప్రశ్న మిగులును: అది యేల చెడినది? వయసుచేత చెడినచో విచారము లేదు. కాని క్రొత్తగా వేసిన కేబులు కొద్ది వారములకే బిగుసుకొనిన బండి నొకదానిని విజయవాడ ఆటోనగరులో చూచితిని. యజమాని దానిని నాసిరకపు సరకని నిందించుచుండగా, నెరసిన మీసముల మేస్త్రీ యొకడు, "కేబుల్ తప్పు కాదు సార్, ముందు ఇంజన్ ఎర్తు చూడాలి" అనెను. చూడగా, ఇంజనును బాడీతో కలుపు ఎర్తు తీగ త్రుప్పు పట్టి తెగియున్నది. స్టార్టరు మోటారు గుంజుకొను నూరు ఆంపియర్లకు పైబడిన విద్యుత్తు తిరిగి బ్యాటరీని చేరక తీరదు. తన దారి తెగిపోగా, ఇంజను ప్రక్కనుండి బాడీవరకు లోహబంధముగా నున్న క్లచ్ కేబులునే అది దారి చేసికొన్నది. తాళము త్రిప్పినప్పుడెల్ల తీగ కాగి, లోపలి ప్లాస్టిక్ తొడుగు కరిగి దానికి అంటుకొన్నది. ఎర్తు బాగుచేయక మరి యెన్ని కేబుళ్లు వేసినను అదియే గతి. పైకి ఏ సంబంధమును లేని రెండు వస్తువులను ఒక్క మాటతో జతపరచిన ఆ మేస్త్రీ ప్రజ్ఞకు నేను చేతులు జోడించితిని.

కేబులు కొనలో నూనె పోయుట మరియొక అలవాటు. పాతరకపు ఒట్టి లోహపు గొట్టములకు అది తగును. ప్లాస్టిక్ తొడుగు గలవానికి సాధారణముగా అక్కరలేదు, గ్రీజు పెట్టినచో దుమ్ము చేరి చిక్కబడును. నూనె యొత్తిడితో పనిచేయు క్లచ్ గల బండ్ల సంగతి వేరు. వానిలో గాలి చేరినయెడల పెడలు మెత్తబడును గాని గట్టిపడదు. గట్టిపడినచో, బ్రేకు ఆయిలునకు బదులు ఇంజనాయిలు పోయుటచేత సిలిండరులోని రబ్బరులు ఉబ్బినవేమో చూడవలెను.

తుదకు గేరుబాక్సు దింపవలసి వచ్చినచో, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజు బేరింగు మూడును కలిపి మార్చుట పొదుపు, కూలి పెద్దది గనుక. అయినను ఈ మూడింటిమీదనే దృష్టి నిలిపి, ఫోర్కు బుష్షులను, బేరింగు జారు గొట్టమును తుడిచి గ్రీజు పెట్టుట మరచువారు గలరు. క్రొత్త సెట్టు వేయించియు పెడలు తేలికపడలేదని వాపోవువారు మొదట అడుగవలసినది దానిని గూర్చియే. లోపలి పొడిని గాలికొట్టి ఎగురగొట్టనీయరాదు, తడిగుడ్డతో తుడిపింపవలెను. పాత లైనింగులలో ఆస్బెస్టాసు వాడుక యుండినది, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. పనివారి పిల్లలు దానిని నోటితో ఊదుట చూచినప్పుడెల్ల నా మనసు కలతపడును, వారింపక యుండలేను. గేరుబాక్సు మరల పైకెక్కించుటకు ముందు యజమాని దగ్గర నిలిచి, విప్పిన భాగములను అడిగి చూచి, ఫోర్కును తన చేతితోనే ఒకసారి కదపి చూడవలెను. అది తేలికగా తిరిగినచో బోల్టులు బిగింపవచ్చును. ప్లే సరిచేయించుకొని, క్రొత్త ప్లేటు కుదురుకొనిన పిమ్మట దానిని మరల కొలిపింపవలెను.