నూనె తేలేదాకా

క్రిస్మస్ మధ్యాహ్నం మా ఇంటికి బిర్యానీ బయటినుంచే వస్తుంది. ఇరవై మందికి దమ్ పెట్టేంత పెద్ద గంజు మా ఇంట్లో లేదు, ఆ ఓపికా లేదు. పక్కన వేసుకునే సాలన్ మాత్రం ఇంట్లోనే కావాలి. అసలుది కొనుక్కొచ్చి కొసరుది వండుకునే ఇల్లు గన్‌ఫౌండ్రీ మొత్తంలో మీదొక్కటే అని చుట్టాలు నవ్వుతారు. నవ్వుతూనే రెండోసారి గరిటె ముంచుతారు.

హోటల్ పొట్లంలో రబ్బరు బ్యాండు వేసి ఇచ్చే ఆ పల్చటి ద్రవాన్ని కూడా సాలన్ అనే అంటున్నారు. దాన్ని తిన్నవాళ్లకు నా పట్టుదల అర్థం కాదు. మాది వంకాయలతో చేసేది, బగారా బైంగన్. అదే మసాలాలో బజ్జీ మిరపకాయలు పడితే మిర్చీ కా సాలన్. ఇంట్లో మాకు రెండూ సాలనే.

సైడ్ డిష్ అనే మాటను తెలుగులో చెప్పాలంటే నాకు ఇబ్బందే. అన్నంలో పప్పు కలుపుకుంటాం, కూర కలుపుకుంటాం, చారు పోసుకుంటాం. వీటిలో ఏది పక్కది? మనకున్నది నంజుకోవడం. ఆవకాయ, వడియం, ఉల్లిగడ్డ ముక్క నంజుకుంటాం. బిర్యానీ విస్తట్లోకి వచ్చాకే వంకాయ కూర పక్కకు జరిగి, నంజుకునే చోటుకి వెళ్లింది. అలా జరిగిన కూరకే మా ఇంట్లో ఒక పూటంతా పడుతుంది.

బఘార్ అంటే ఉర్దూలో పోపు. తెలంగాణ పెళ్లిళ్లలో మాంసం కూరకు జోడీగా వండే బగార అన్నంలోదీ ఆ మాటే. మేం క్యాథలిక్కులం కాబట్టి మా ఇంట్లో రెండు పోపుల మాటా వినాలి. ఆ రెండో పోపు సంగతి చివర్లో చెప్తాను.

పని పల్లీలతో మొదలవుతుంది. సన్నటి మంట మీద పది నిమిషాలకు తగ్గకుండా వేయించాలి. చేత్తో నలిపితే పొట్టు ఊడిరావాలి, లోపలి గింజ రంగు తిరిగి ఉండాలి. తర్వాత నువ్వులు. వీటికి రెండు మూడు నిమిషాలు చాలు. చిటపట మొదలైందంటే దించడమే కాదు, వెంటనే పళ్లెంలోకి ఒంపెయ్యాలి, లేకపోతే మూకుడు వేడికే వేగుతూ పోతాయి. కుడుక తురుము ఆఖరున, పొయ్యి ఆర్పేశాక, మిగిలిన వేడిలో. మూడూ కలిపి ఒకేసారి వేయిస్తే ఒకటి పచ్చిగా, ఒకటి సరిగ్గా, ఒకటి మాడి ఉంటాయి. ధనియాలు, జీలకర్ర విడిగా. ఉల్లిగడ్డలు మంట మీద పైపొర నల్లబడేదాకా కాల్చుకోవాలి.

అమ్మకు మోకాళ్ల నొప్పులు వచ్చి గరిటె నా చేతికొచ్చిన మొదటి ఏడాది నువ్వులు మాడాయి. మాడలేదు, కొంచెం ఎర్రబడ్డాయంతే అనుకుని నూరేశాను. చేదు. చింతపండు పెంచాను, బెల్లం వేశాను, ఇంకో గుప్పెడు పల్లీలు నూరి కలిపాను. పులుపూ తీపీ చిక్కదనం అన్నీ పెరిగాయి, చేదు మాత్రం అలాగే ఉంది. ఆ క్రిస్మస్‌కి చుట్టాలంతా బిర్యానీలోకి పెరుగు చట్నీయే వేసుకున్నారు. ఒక్కరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

నూరడం ఇంకో గండం. పెరట్లో రోలు ఉన్న రోజుల్లో అమ్మ నిదానంగా నూరేది. పెరడు పోయి ఫ్లాటు వచ్చింది, రోలు కింద పార్కింగ్‌లో తులసి కుండీకి పీట అయింది. మిక్సీ ఆపకుండా తిప్పితే గిన్నె వేడెక్కి, నువ్వుల్లోని నూనె ముందే బయటపడి ముద్ద గడ్డకడుతుంది. ఆపి ఆపి తిప్పాలి, చల్లటి నీళ్లు చెంచాడు చెంచాడుగా పోయాలి. రెండు వేళ్ల మధ్య రుద్దితే ఇసుక తగలకూడదు.

ఈ కూరలో చుక్క పాలుండవు, మీగడ ఉండదు, అయినా నోట్లో మీగడలాగే జారుతుంది. గింజల్లోని నూనె, నూరినప్పుడు కంటికి కనపడనంత చిన్న బొట్లుగా విడిపోయి ఆ ముద్దలో, నీళ్లలో కలిసిపోవడం వల్ల వచ్చే నునుపు అది. ఇప్పుడు చాలాచోట్ల జీడిపప్పు నూరి పోస్తున్నారు, పైన క్రీమ్ చారలు కూడా. అదీ తింటాను, బాగానే ఉంటుంది. పేరు మార్చుకుంటే నాకు తగాదా లేదు.

వంకాయలు చిన్నవి, నల్లగా నిగనిగలాడేవి, తొడిమలు ఉంచి నాలుగు పక్షాలుగా గాటు పెట్టి ఉప్పు నీళ్లలో వేస్తాను. వాటిని ముందే నూనెలో మగ్గించుకోవాలి. చింతపండు పులుసులో పడ్డాక వంకాయ త్వరగా మెత్తబడదు, పులుపు దాన్ని బిగబట్టేస్తుంది. మగ్గినవి తీసి, అదే నూనెలో ఆవాలు, జీలకర్ర, కొన్ని మెంతులు, చిటికెడు కలోంజీ, కల్యామాకు. అల్లం ఎల్లిగడ్డ. తర్వాత ముద్ద. అక్కణ్నుంచి చేయాల్సిందల్లా అడుగంటకుండా కలుపుతూ నిలబడటమే.

హైదరాబాద్‌లో మా గన్‌ఫౌండ్రీ పేటలో ఒకప్పుడు ఇంతకన్నా పెద్ద పోతపనే జరిగింది. 1786లో నిజాం అలీ ఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగుల కార్ఖానా పెట్టించాడు. పాతవాళ్లు దాన్ని తోప్ కా సాంచా అంటారు, ఫిరంగి అచ్చు అని. మా తమ్ముడి కొడుకు సాలన్ తిని “నువ్వు తోపు పెద్దనాన్నా” అన్నాడు ఒకసారి. తోపులు పోసిన పేటలో ఆ మెప్పు నాకు చెల్లుతుందనే అనుకున్నాను. కార్ఖానా కూలిన గోడలు మిగిలాయి. ఇక్కడున్న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ కూడా 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది, మేం ఇప్పటికీ ఆటోవాడికి ఎస్‌బీహెచ్ దగ్గర ఆపమనే చెప్తాం. ఫ్రెంచివాడి ఫౌండ్రీ, మా కెథడ్రల్‌లో ఇటలీ గంటలు, సాలన్‌లో అమెరికా ఖండాల నుంచి వచ్చిన పల్లీ, మిరప... ఇలా రాసుకుంటూ పోతే గంగా జమునా సంస్కృతి మీద ఇంకో వ్యాసం అవుతుంది. ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఈ కూర మా ఇంటికి వచ్చింది వెనకింటి ఖాలా నుంచి. అమ్మకూ ఆమెకూ ముప్ఫై ఏళ్ల స్నేహం, ముప్ఫై ఏళ్ల గొడవ. గొడవంతా పల్లీల మీదే. నువ్వులకన్నా, కుడుకలకన్నా పల్లీలు చవక. పిల్లలు ఎక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ. అమ్మ నువ్వులు తగ్గించి పల్లీలు పెంచేది. కూర చిక్కగా గరిటెకు పట్టుకునేది, కానీ ఒక మొద్దుదనం ఉండేది. ఖాలా వేలితో నాకి చూసి, “పల్లీలు ఎక్కువేసినవమ్మా. పల్లీ గట్టిగా చేస్తది, నువ్వులే కమ్మగా చేస్తయ్” అనేది. “నీ ఇంట్ల నలుగురు. నా ఇంటికొచ్చి లెక్కపెట్టు,” అనేది అమ్మ. రంజాన్‌కి ఖాలా ఇంటినుంచి వచ్చే గిన్నెలో నువ్వులే ఎక్కువ. అమ్మ అది తిని, బాగుందని ఒక్కసారీ ఒప్పుకోలేదు. గిన్నె మాత్రం రొట్టెతో తుడిచి కడిగేది.

ఖాలా వాళ్లు టోలీచౌకికి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది.

సాలన్ 24 సాయంత్రమే అయిపోవాలి. రాత్రంతా ఊరితే వంకాయ పులుపు పట్టుకుంటుంది. కానీ ఆ సాయంత్రం అమ్మ రుచి చూడదు. అర్ధరాత్రి పూజలో సత్ప్రసాదం తీసుకోవాలి కదా. గంటసేపు ఏమీ తినకుంటే చాలని 1964లోనే ఆరో పౌలు పోపుగారు సడలించారు. అమ్మ మాత్రం అంతకుముందున్న మూడు గంటల లెక్క వదల్లేదు, దానికి సొంతంగా ఇంకో రెండు గంటలు కలుపుకుంది. నాక్కూడా నాలుక మీద పెట్టనివ్వదు. కాబట్టి వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, చూసీ వినీ తీర్పు చెప్తుంది. మొదట గుబగుబమని పెద్ద బుడగలు, ముద్ద చింది చేతులు కాలతాయి. నీరు ఇగిరేకొద్దీ ఆ చప్పుడు చిన్నదై గుసగుసలాడినట్టు అవుతుంది. నేను “అయిందమ్మా” అంటాను.

“ఏం తొందర్రా? నూనె తేలలే.”

ఇంకో పావుగంట. గిన్నె అంచుల్లో ఎర్రటి గీత కనిపిస్తుంది. ముద్ద పట్టి ఉంచిన నూనె ఇక ఆగలేక బయటికొస్తుంది. ఆ గీత మధ్యకు వచ్చి మడుగు కట్టాక వంకాయలు వేసి, సన్నటి మంట మీద మూతపెడతాను. అప్పుడు అమ్మ చీర మార్చుకోవడానికి లేస్తుంది.

పోయిన క్రిస్మస్‌కి కెథడ్రల్ నుంచి తిరిగొచ్చేసరికి ఒకటిన్నర. రోడ్డు నిండా జనం, మా చర్చికి మా వాళ్లకన్నా చూడ్డానికొచ్చేవాళ్లే ఎక్కువ. రెండు సందులు దాటడానికి అరగంట పట్టింది. అమ్మ చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్లింది. మూత తీసింది. సాయంత్రం నువ్వులు కొంచెమే ఉంటే, ఎవరు చూస్తారులే అని పల్లీలు రెండు గుప్పెళ్లు పెంచిన సంగతి నేను చెప్పలేదు.

చిటికెన వేలు ముంచి నాకింది. కాసేపు ఏమీ అనలేదు.

“పల్లీలు ఎక్కువేసినవ్,” అంది.