ఎగరనివ్వని చేయి

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఆకాశం నుంచి ఓ పెద్ద గుండ్రటి డబ్బా దిగింది. చుట్టుపక్కల జనమంతా అక్కడికి పరుగెత్తారు. మనుషుల్ని బెలూన్‌లో పైపైకి తీసుకెళ్ళాలనుకున్న ఒక విదేశీ సంస్థ, హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం సాయంతో చేసిన పరీక్ష అది. లోపల ఎవరూ లేరు. ఉండే రోజు వస్తే మాత్రం డబ్బా గట్టిదనంతో పాటు అందులో కూర్చునేవాళ్ళ ఒళ్ళు ఎంతకు తట్టుకుంటుందో కూడా తేల్చుకోవాలి.

ఆ లెక్క తేల్చేది విమానయాన వైద్యం. మన వైమానిక దళంలో ఆ విద్యలో నిపుణురాలైన తొలి మహిళ డాక్టర్ పద్మావతి బందోపాధ్యాయ. 1944లో తిరుపతిలో పుట్టారు, ఢిల్లీలో పెరిగారు. నాలుగైదేళ్ళ వయసులోనే తల్లి క్షయతో మంచం పట్టింది. సేవ చేయాల్సింది ఆ చిన్నపిల్లే. అనంతగిరి గుట్ట మీది క్షయ ఆసుపత్రి సంగతులు ఎరిగిన వికారాబాద్ పెద్దవాళ్ళకు ఆ రోజుల్లో ఆ జబ్బంటే ఏమిటో వివరించనక్కర్లేదు. పొరుగునే పేరున్న గుండె డాక్టరు ఎస్. పద్మావతి ఉండేవారు. అదే పేరున్న పిల్ల ఆవిడను చూసి తనూ డాక్టరు కావాలనుకుంది. పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో చదివి, 1968లో వైమానిక దళంలో చేరారు.

మూడేళ్ళకే యుద్ధం. 1971 డిసెంబరు 3న పాకిస్తాన్ విమానాలు దాడికి ఎంచుకున్న స్థావరాల్లో పంజాబ్‌లోని హల్వారా కూడా ఉంది. పద్మావతి అక్కడే ఉన్నారు, వయసు 27. భర్త ఎస్.ఎన్. బందోపాధ్యాయ కూడా వైమానిక దళ అధికారే. యుద్ధకాలపు సేవకు ఆమెకు విశిష్ట సేవా పతకం వచ్చింది. ఒకే కార్యక్రమంలో రాష్ట్రపతి పురస్కారం అందుకున్న మొదటి వైమానిక దళ దంపతులు వాళ్ళే.

యుద్ధంలో డాక్టరంటే మనకు కట్లు, రక్తం గుర్తొస్తాయి. స్థావరంలోని డాక్టరుకు అంతకంటే చిక్కైన పని ఒకటుంది: ఎక్కబోయే పైలట్‌ను చూసి, ఎక్కవచ్చా లేదా అని తేల్చడం. హల్వారా నుంచి ఎగిరిన సుఖోయ్-7లు నేలకు దగ్గరగా, మహా వేగంతో దూసుకెళ్ళి దాడి చేసే ఒంటి మనిషి విమానాలు. రెప్పపాటు ఆలస్యమైనా అంతే సంగతి. నిద్రలేని పైలట్ నిద్రలేదని చెప్పడు. జలుబు చేసినా దాచిపెడతాడు. ముక్కు, చెవి మూసుకుపోయి ఉంటే, విమానం గబగబా కిందికి దిగుతున్నప్పుడు లోపలి గాలికీ బయటి గాలికీ ఒత్తిడి కుదరక కర్ణభేరి పగిలినంత పనవుతుంది. అడిగితే "బాగానే ఉన్నా డాక్టర్" అంటాడు. నడకలో, మాటలో, చేతి వణుకులో దొరికే జవాబే నిజమైనది. తాండూరు గనిలో అనుభవమున్న పనివాడు నాపరాయిని సుత్తితో తట్టి, మోగిన తీరును బట్టి లోపలి పగులును పసిగడతాడే, అలాంటి చెవి కావాలి.

పైకి వెళ్ళేకొద్దీ పని ఇంకా సున్నితం. 18,000 అడుగుల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సుమారు సగం. 25,000 అడుగుల్లో ఆక్సిజన్ మాస్కు ఊడితే తెలివితో పనిచేయడానికి మిగిలేది మూడు నుంచి ఐదు నిమిషాలు. 40,000 అడుగుల్లో అయితే పావు నిమిషం చిల్లర. అన్నిటికన్నా మోసం ఏమిటంటే, ఆక్సిజన్ తగ్గినవాడికి హాయిగా ఉంటుంది. అందుకే పైలట్లను గాలి పలచన చేసే గదిలో కూర్చోబెట్టి పేరు రాయమంటారు, లెక్కలు చేయమంటారు. అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా పోతుంటాయి, వాడేమో అద్భుతంగా రాశాననుకుంటాడు. బయటికొచ్చాక ఆ కాగితం చూపిస్తే చాలు, వేరే పాఠం అక్కర్లేదు. వైద్యంలో ఇంత కొంటె పరీక్ష ఇంకోటి ఉందనుకోను.

పద్మావతి ఈ విద్యను యుద్ధంతో వదిలేయలేదు. భారతీయుల శరీరం తీవ్రమైన చలికి ఎలా అలవాటు పడుతుందో తెలుసుకోవడానికి ఉత్తర ధ్రువ ప్రాంతానికి వెళ్ళారు. అక్కడ పరిశోధన చేసిన తొలి భారతీయ మహిళ ఆవిడే. పాశ్చాత్యుల శరీరాలను కొలిచి వేసిన పట్టికల్ని మన సైనికులకు అలాగే అంటగట్టకుండా, మనవాళ్ళ ఒళ్ళు మనం కొలుచుకోవాలి కదా. 2002లో ఎయిర్ వైస్ మార్షల్, 2004లో ఎయిర్ మార్షల్ అయ్యారు. ఆ రెండు హోదాలూ వైమానిక దళంలో అంతకుముందు ఏ మహిళకూ దక్కలేదు.

ఆవిడ చేరిన నాటికి మన వైమానిక దళంలో మహిళా పైలట్లు లేరు. 1999 కార్గిల్ యుద్ధానికి గుంజన్ సక్సేనా, శ్రీవిద్య రాజన్ చీతా హెలికాప్టర్లు నడిపే స్థాయికి వచ్చారు. 2016 జూన్ 18న మన దుండిగల్ అకాడమీలో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా నియామకం పొందారు. ఆపైన హాక్ విమానాల మీద వాళ్ళ శిక్షణ బీదర్‌లో. తాండూరు కంది చేలకు అదెంతో దూరం కాదు.

హాక్‌లో మలుపు తిరిగేటప్పుడు 6 జీ, అంటే భూమి లాగే బలానికి ఆరు రెట్లు, పడిందంటే 60 కిలోల అమ్మాయి 360 కిలోలు బరువెక్కుతుంది. తలలోని రక్తం కాళ్ళకు దిగి, చూపు అంచుల నుంచి బూడిద రంగుకు తిరుగుతుంది. కాళ్ళనూ పొట్టనూ బిగించే జీ సూటు కొంత కాపాడితే, కండరాలు బిగబట్టి దఫదఫాలుగా ఊపిరి తీసే పద్ధతి మిగతాది కాపాడుతుంది. ఆ ఊపిరి తీరు నేర్పేది విమానయాన వైద్యులే.

2020లో పద్మావతికి వైద్య రంగంలో పద్మశ్రీ ఇచ్చారు. మన పత్రికలు 'తొలి మహిళ' అని రాసి ఊరుకున్నాయి. ఆ బిరుదుకంటే నాకు గొప్పగా అనిపించేది, యుద్ధం నడుస్తుండగా, ప్రతి పైలటూ అవసరమైన గంటలో, "నువ్వు ఇవాళ ఎగరవద్దు" అని ఒక డాక్టరు చెప్పగలగడం. అది చెప్పాలంటే స్టెతస్కోపు ఒక్కటీ చాలదు.