మనోధర్మానికి తూకపురాళ్లు

మన విమర్శ వస్తువును గురించి చాలా మాట్లాడింది. రూపాన్ని గురించి అవసరమైనప్పుడల్లా మాట్లాడింది. శైలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ధారాళమైన శైలి, పటిష్ఠమైన శైలి, గుండెకు హత్తుకునే శైలి అని నాలుగు విశేషణాలు తగిలించి చేతులు దులుపుకుంటోంది. ధారాళం దేనివల్ల వచ్చింది, పటిష్ఠత ఎక్కడుంది అని తరగతిలో ఒక విద్యార్థి లేచి అడిగితే మాలాంటి ఉపాధ్యాయుల దగ్గర జవాబు ఉండదు. జవాబు లేని చోట అభిరుచి రాజ్యమేలుతుంది. అభిరుచి చాటున అంతస్తు రాజ్యమేలుతుంది. కనుక ఇది చిన్న సమస్య కాదు.

ఈ సమస్యను సాహిత్యానికి కాస్త వెలుపల నిలబడి చూస్తే స్పష్టంగా కనబడుతుంది. రాసిన పద్యాన్ని పాఠకుడు రెండోసారి చదువుకోగలడు, నిఘంటువు తిరగేయగలడు, వ్యాఖ్యానం చూసుకోగలడు. అప్పటికప్పుడు అల్లే సంగీతంలో శ్రోతకు ఆ వెసులుబాటు లేదు. వింటూనే తూచాలి. అందువల్ల అతను ఇంటినుంచి తెచ్చుకున్న తూకపురాళ్లు అక్కడ దాపరికం లేకుండా బయటపడతాయి. ఆ రాళ్లను పరీక్షించడానికి రెండు ఉదాహరణలు తీసుకుంటాను: ఒకటి అమెరికా జాజ్ గిటార్, రెండవది పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్. ఈ రెండూ ఒకే వేదికమీద కలుసుకున్నాయి గనుక ఈ జత నేను బలవంతంగా కట్టింది కాదు.

జాజ్ అమెరికాలోని నల్లజాతి ప్రజల జీవితంలోంచి పుట్టింది. అందులో వాద్యకారుడు మొదట ఒక పాట వరసను వినిపిస్తాడు. ఆ వరస కింద కొన్ని స్వరాల కూర్పులు ఒక క్రమంలో నడుస్తుంటాయి. వాటిని కార్డులు అంటారు. పాట ముగిసినా ఆ క్రమం ఆగదు, చక్రంలా మళ్లీ మళ్లీ తిరుగుతుంది. దానిమీద వాద్యకారుడు అప్పటికప్పుడు కొత్త వరసలు అల్లుతాడు. మన కర్ణాటక సంగీతంలో కార్డులు లేవు. రాగమూ తాళమూ ఉన్నాయి. ఆలాపన, నెరవల్, కల్పనస్వరం ఆ హద్దుల్లో నడుస్తాయి. అంటే కట్టుబాటు రెండుచోట్లా ఉంది. కందానికి గణాలున్నట్టే ఉంది. మనోధర్మం అంటే ఇష్టం వచ్చినట్టు పోవడం కాదు; కట్టుబాటులో ఉంటూ ప్రతి అడుగులో ఒక దారిని ఎంచుకోవడం.

ఇక శ్రోత తెచ్చుకునే రాళ్లను ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి రాయి వేగం. ఇది మనకు కొత్తది కాదు. అవధాన సభలో పద్యం ఎంత చప్పున వచ్చిందన్నదే చప్పట్లకు కారణమౌతుంది. పద్యం నిలుస్తుందా లేదా అన్నది ఇంటికి వెళ్లాక కూడా ఎవరూ అడగరు. పద్యనాటకంలో నటుడు రాగం ఎంతసేపు లాగితే అన్ని 'వన్స్ మోర్'లు. పద్యంలో హరిశ్చంద్రుడి దుఃఖం ఏమైందో ఎవరికీ పట్టదు. శ్రీనివాస్ కచేరీకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదట చూసింది కూడా ఆ చిన్న వాద్యంమీద పరుగెత్తే వేళ్లనే. జాజ్ శ్రోతల్లోనూ ఈ జబ్బు ఉంది. వేగమే కొలబద్ద అయితే జిమ్ హాల్ అనే గిటారిస్టును మనం ఎక్కడ పెట్టాలి? 1962లో పియానో వాద్యకారుడు బిల్ ఎవాన్స్‌తో కలిసి చేసిన రికార్డులో అతను ఎన్నో చోట్ల వాయించకుండా ఊరుకున్నాడు. పియానోకు చోటు వదిలాడు. ఆ వదలడమే అతని శైలి. వేగం ఒక సామర్థ్యం మాత్రమే. దానితో ఏం చేశాడన్నది వేరే ప్రశ్న.

రెండవ రాయి పుట్టుక. ఎవరి శిష్యుడు, ఏ కులం, ఏ ప్రాంతం, ఏ బాణీ? నిజానికి ఇది వినకముందే తీర్పు చెప్పే పద్ధతి. అమెరికాలో 1940లలో లియొనార్డ్ ఫెదర్ అనే విమర్శకుడు ఒక పరీక్ష మొదలుపెట్టాడు. పేర్లు చెప్పకుండా రికార్డులు వినిపించి, వాయించినవారిని గురించి పేరున్న సంగీతకారుల చేత మాట్లాడించేవాడు. వాయించేది తెల్లవాడో నల్లవాడో విని చెప్పేయగలనని రాయ్ ఎల్డ్రిడ్జ్ ఒక పందెం వేశాడు. ఎల్డ్రిడ్జ్ సామాన్యుడు కాదు. గొప్ప ట్రంపెట్ విద్వాంసుడు, నల్లజాతివాడుగా వర్ణవివక్షను ఒంటిమీద అనుభవించినవాడు. 1951లో పరీక్ష జరిగింది. సరిగా చెప్పినవాటికంటే పొరబడ్డవే ఎక్కువ. అంతటి చెవికే శబ్దంలో చర్మం రంగు వినబడలేదంటే, మన సభల్లో రెండో వరుసలో కూర్చుని వంశాలు లెక్కబెట్టేవారి మాట ఏం చెప్పాలి?

మన నెల్లూరు తీరానికి కాస్త ఉత్తరాన, ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో షేక్ చినమౌలానా పుట్టారు. ఆలయాల్లో నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం వారిది. ఆయన తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగంలో స్థిరపడి, అరవనాట నాదస్వరంలో అగ్రశ్రేణిలో నిలిచారు. 1999లో మరణించారు. ఆ బాణీ ఎవరిది? పుట్టుకను బట్టి తూస్తే తంజావూరువారు ఇతను మనవాడు కాదనాలి, తెలుగువారు ఈ బాణీ మనది కాదనాలి, మతాన్ని పట్టుకునేవాళ్లు రెండువైపులా గొణగాలి. వినేవాడికి మాత్రం గుక్క తిప్పుకోకుండా సాగే రాగాలాపన మిగులుతుంది. బాణీ రక్తంలో రాదు, నేర్చుకుంటే వస్తుంది. నేర్చుకున్నవాడిదే అది.

మూడవ రాయి వాద్యం. మాండలిన్ విదేశీ వాద్యమనీ, అందులోనూ కరెంటు వాద్యమనీ, అది గమకాన్ని పలికించలేదనీ శ్రీనివాస్ విషయంలో మొదట్లో వినిపించిన అభ్యంతరం. వయొలిన్ కూడా ఐరోపా నుంచే వచ్చింది. ద్వారం వెంకటస్వామినాయుడు చేతిలో అది తెలుగువాళ్లకు గర్వకారణమైంది. ఇవాళ అది లేకుండా కచేరీ నడవదు. కనుక విదేశీ అన్న మాట నిలవదు. కరెంటు సంగతి ఆలోచించదగింది. గిటార్ శబ్దం బలహీనమైనది. బాకాలూ శాక్సఫోన్లూ మోగే బృందంలో అది తాళానికి ఊతమిస్తూ వెనకే ఉండిపోయేది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ ఎలక్ట్రిక్ గిటార్‌తో ఆ వెనకబెంచీ నుంచి లేచి ముందుకొచ్చాడు. శాక్సఫోన్‌లా పొడవైన వరసలు వాయించాడు. 1942లో పాతికేళ్లకే క్షయతో పోయాడు. అంత కొద్దికాలంలో గిటార్‌కు నోరిచ్చాడు. కరెంటు అతనికి హంగు కాదు, అవసరం.

శ్రీనివాస్‌కూ అంతే. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. మీటిన వెంటనే నాదం ఆరిపోతుంది. జంటతీగను లాగి గమకం పలికించబోతే రెండు తీగలూ సమానంగా కదలవు. అతను జంటలు తీసేసి ఒంటి తీగలు వేసుకున్నాడు, అయిదవ తీగ చేర్చుకున్నాడు, విద్యుత్తు సాయంతో నాదాన్ని నిలబెట్టుకున్నాడు. నాదం నిలిచింది గనుక జారు వినబడింది, కంపితం వినబడింది. అభ్యంతరం చెప్పినవాళ్లు వాద్యాన్ని చూశారు. అతను వాద్యంతో పడిన పేచీని వినలేదు.

నాలుగవ రాయి దైవం. ఇది అన్నిటికంటే బరువైంది, అన్నిటికంటే అబద్ధమైంది. 1969లో పుట్టిన శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో కచేరీ చేశాడు. తొమ్మిదేళ్ల పిల్లవాడు! పూర్వజన్మ సుకృతం అన్నారు, దేవుడి వరం అన్నారు. ఈ మాటలు పొగడ్తల్లా కనబడతాయి గాని, నిజానికి ఒక మనిషి శ్రమను అతని చేతుల్లోంచి లాక్కుని పైవాడి ఖాతాలో రాసే మాటలు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఇంట్లో సంగీతం జీవనోపాధి. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగమీద వెతుక్కునేవాడు. శ్రీనివాస్ శైలికి మూలం ఇక్కడుంది. చూసి అనుకరించడానికి గురువు వేళ్లు లేవు. గొంతు ఒక్కటే ఉంది. మెట్లున్న వాద్యం గొంతులా పలకడానికి కారణం ఆ బోధన పద్ధతి, దానిమీద పెట్టిన గంటలు. వరం అని ఒక్క మాట అనేస్తే ఈ చరిత్రంతా మాయమౌతుంది.

ఈ నాలుగు రాళ్లూ పక్కన పెడితే దేనితో తూచాలి? శైలి అంటే ఒక కళాకారుడు తన పరిమితులతో తలపడుతూ తీసుకున్న నిర్ణయాల వరస అని నేననుకుంటున్నాను. జాంగో రైన్‌హార్ట్ అనే జిప్సీ గిటారిస్టు ఎడమచేతి రెండు వేళ్లు 1928లో అగ్నిప్రమాదంలో పనికిరాకుండా పోయాయి. మిగిలిన రెండు వేళ్లకు తగిన దారులు వెతుక్కున్నాడు. ఆ దారులే అతని శైలి అయ్యాయి. వెస్ మాంట్‌గొమరీ పగలు ఫ్యాక్టరీలో పనిచేసి రాత్రిళ్లు వాయించేవాడు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కాకుండా మీటుబిళ్ల మానేసి బొటనవేలితో మీటాడు. ఆ మెత్తని నాదాన్ని తరవాతివాళ్లు ఎందరో అనుకరించారు. ఒక శ్రామికుడి ఇరుకింటి చరిత్ర ఆ నాదంలో ఉంది. అనుకరించినవాడికి బొటనవేలు దొరికింది గాని ఆ అవసరం లేదు. శైలికీ అనుకరణకూ తేడా అక్కడే.

జాన్ మెక్‌లాఫ్లిన్ సంగతి మనకు ఇంకా దగ్గరది. 1942లో ఇంగ్లండులో పుట్టిన ఈ జాజ్ గిటారిస్టు అమెరికాలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ అభ్యసించాడు. 1970లలో వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకీర్ హుసేన్, ఘటం వినాయకరామ్‌లతో 'శక్తి' బృందం నడిపాడు. మన వీణమీద తీగను పక్కకు లాగితే గమకం పలుకుతుంది. గిటార్ చెక్క అందుకు అంతగా లొంగదు. అందుకని మెట్ల మధ్య చెక్కను పల్లంగా తొలిచిన గిటార్ చేయించుకున్నాడు. పాలకొల్లు పిల్లవాడు జంటతీగలు విప్పేశాడు, ఇంగ్లండు గిటారిస్టు చెక్క తొలిపించాడు. ఒకే సమస్యకు ఇద్దరూ రెండువైపులనుంచి వచ్చారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో శ్రీనివాస్ వాయించాడు. 1990ల చివరినుంచి 'రిమెంబర్ శక్తి' పేరుతో మెక్‌లాఫ్లిన్‌తో ఒకే వేదిక పంచుకున్నాడు.

వాళ్లిద్దరూ ఒకరి తరవాత ఒకరు వాయించే ఘట్టాలను చాలామంది కోడిపందెంలా వింటారు. ఎవరు గెలిచారన్నదే ప్రశ్న! వినదగింది వేరే ఉంది. మొదటివాడు వదిలిన చివరి ముక్కను రెండవవాడు ఎక్కడ అందుకున్నాడు? తన దగ్గర ముందే తయారుగా ఉన్న ముక్కను తెచ్చి అతికించాడా, లేక విన్నదాన్నిబట్టి దారి మార్చుకున్నాడా? ఊహించని స్వరం ఎదురైతే తప్పించుకున్నాడా, దానికి చోటు చేశాడా? ఈ ప్రశ్నలతో వింటే శ్రీనివాస్ బలం కల్పనస్వరాల ఉరవడిలో కంటే నెమ్మదైన ఆలాపనలో, ఒక స్వరంనుంచి పక్కస్వరానికి తొందర లేకుండా జారడంలో ఎక్కువగా కనబడుతుంది. కొన్ని కచేరీల్లో వేగం రాగాన్ని మింగేసిన మాటా నిజమే. చప్పట్ల కోసం ఎదురుచూసే సభ ఆ వేగాన్ని అతని చేత మళ్లీ మళ్లీ వాయించింది. శ్రోత తూకపురాయి కళాకారుడి చేతిని కూడా వంచుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. 2014 సెప్టెంబరులో, 45 ఏళ్లకే ఆయన మరణించాడు. ఆ వార్తల్లో కూడా బాలమేధావి అన్న పాతమాటే ముందుండటం విచారకరం.

మన మిత్రులు కొందరు అడగవచ్చు: మాటల్లేని సంగీతంలో వస్తువేది, అభ్యుదయమేది? రాగంలో వర్గపోరాటాన్ని వెతకడం అమాయకత్వం, ఒప్పుకుంటాను. కాని కళను శ్రమగా చూడటం మనం చేపట్టిన దృష్టి. తీర్పు చెప్పే హక్కు కొద్దిమంది సభాపూజ్యులదే కాదని చాటడం కూడా మన పనే. శైలిని నిర్ణయంగా వినడం ఎవరైనా నేర్చుకోవచ్చు. దానికి వంశవృక్షం అక్కరలేదు.

ఈ పద్ధతి సాహిత్యానికీ పనికొస్తుంది. నన్నయ, తిక్కన, ఎర్రన ఒకే వ్యాసుడి కథను, అవే పద్యాలతో తెలుగు చేశారు. అక్కడ శైలిని విశేషణాలతో కాక, మూలంలో ఎవరు ఏది వదిలారు, ఎక్కడ ఆగారు, ఎక్కడ పాత్రచేత మాట్లాడించారు అని అడిగి పట్టుకోవచ్చు. గురజాడ 1910లో వృత్తాలు రాలేక ముత్యాలసరం పట్టలేదు; ఎవరితో మాట్లాడాలో నిర్ణయించుకుని పట్టాడు. విద్యార్థులకు పేర్లు తీసేసి రెండు పేజీలిద్దాం. ఎవరు రాశారని కాదు, ఏ నిర్ణయం తీసుకున్నారని అడుగుదాం.

మన తీరగ్రామాల పెళ్లిపందిళ్లలో ముహూర్తానికి ముందు నాదస్వరం వాయించే సన్నాయివాడు కూడా మనోధర్మమే వాయిస్తున్నాడు. పురోహితుడి సైగకు, విడిది సందడికి, డోలు దెబ్బకు మధ్య రాగాన్ని కుదిస్తాడు, పెంచుతాడు, గట్టిమేళమనగానే తెంపుతాడు. అతని నిర్ణయాలు ఏ పత్రికలోనూ చర్చకు రావు. శైలి అన్న మాట అతనికి వర్తిస్తుందని అతనికే ఎవరూ చెప్పలేదు. శైలిమీద మన విమర్శ మొదలుపెట్టవలసిన చోట్లలో ఆ పందిరి కూడా ఒకటి.