మైక్ సెట్టు వాళ్ల విద్య

భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణం మిథిలా స్టేడియంలో జరుగుతుంది. మండపంలో పలికే మంత్రం చివరి వరుసలో కూర్చున్న భక్తుడికీ స్పష్టంగా వినబడాలి. అలా వినిపించే మైక్ సెట్టు వాళ్ల పనితనానికి ఎంత మెప్పు దక్కినా తక్కువే.

ఆ పనిలో లెక్క ఉంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు వెళుతుంది. తీగలో సంకేతం మాత్రం క్షణంలో చేరుతుంది. వేదికకు 70 మీటర్ల దూరాన మరో స్పీకరు పెడితే, దాని దగ్గర కూర్చున్నవారికి దాని మాట వేదిక నుంచి వచ్చే శబ్దం కంటే సెకనులో ఐదో వంతు ముందే వచ్చేస్తుంది. ప్రతి మాటా రెండుసార్లు వినబడి గందరగోళమవుతుంది. అందుకే దూరపు స్పీకరుకు సుమారు 200 మిల్లీసెకన్ల ఆలస్యం కలుపుతారు.

ఒకప్పుడు ఈ మెళకువలు గురువు పక్కన కేబుళ్లు చుడుతూ ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సినవి. ఇప్పుడు చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి పల్లెలో సెట్టు కట్టే కుర్రాడు కూడా మిక్సర్ ఫొటో వాట్సాప్‌లో పెట్టి, "అన్నా, మైకు కీచుమంటోంది, ఏం చేయాలె?" అని అడగవచ్చు. ఖమ్మంలో ఉన్న సీనియర్, "స్పీకర్లు మైకు కంటే ముందుకు జరుపు తమ్మీ, మైకు నోటికి దగ్గర పెట్టించు" అని చెప్పవచ్చు. రేపు తనకే పోటీ వచ్చేవాడికి విద్య నేర్పే ఆ పెద్ద మనసే ఈ వృత్తికి అసలు బలం.

జనరేటర్ ఎర్తింగ్ చూసుకోమన్న ఒక్క సందేశం ప్రాణం నిలబెట్టగలదు. తెలిసినవాళ్లు దాచుకోకుండా చెప్పండి, కొత్తవాళ్లు మొహమాటపడకుండా అడగండి.