చుట్టూ తిరిగి వెళ్లినా చేరొచ్చు

గోల్ఫ్ ఆడేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే కాఫీ చల్లారేలోపు మాట ఇష్టమైన కోర్సుల మీదికి మళ్లుతుంది. ఇంకాసేపటికి అలిస్టర్ మెకెంజీ పేరు రాక తప్పదు. నేనుండే కాలిఫోర్నియాలో అయితే ఆ కాసేపు కూడా పట్టదు. మోంటెరీ తీరంలో సైప్రస్ పాయింట్, శాంతాక్రూజ్‌లో పాసటియెంపో, శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన షార్ప్ పార్క్, అన్నీ ఆయన గీసినవే. జార్జియాలో ఏటా మాస్టర్స్ టోర్నీ జరిగే అగస్టా నేషనల్‌ను ఛాంపియన్ బాబీ జోన్స్‌తో కలిసి రూపొందించిందీ ఆయనే. ఆస్ట్రేలియాలో రాయల్ మెల్బోర్న్ వెస్ట్ కోర్సూ ఆయనదే. ప్రపంచంలో మేటి కోర్సులంటూ పత్రికలు వేసే జాబితాల్లో ఈ పేర్లు పైవరసలోనే కనిపిస్తాయి.

ఆ జాబితాలతో నాకో పేచీ ఉంది. సైప్రస్ పాయింట్‌లో సభ్యులెవరైనా పిలిస్తే తప్ప ఆడలేం. అగస్టా సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా మాలో చాలామంది ఆ రెంటినీ అన్నిటికంటే ముందు తమ ఇష్టాల్లో రాసుకుంటారు. పెళ్లికి వెళ్లనివాడు విందు మెచ్చుకున్నట్టుంటుంది ఆ వరస. టీవీలో, ఫొటోల్లో చూసి అందంగా ఉందనొచ్చు, కాదనను. కానీ కోర్సు ఇష్టపడటమంటే దాని మీద నాలుగు గంటలు నడిచి, బంతులు పోగొట్టుకుని, చెమటలు కక్కాక కూడా మళ్లీ రావాలనిపించడం. అలా ఎందుకనిపిస్తుందన్నది నాకు ఆసక్తి. నేను నడివయసులో ఈ ఆట పట్టుకున్నవాణ్ని. నా డ్రైవ్, అంటే తొలి దెబ్బ, 200 గజాలు దాటిందంటే ఆ రోజు పండగే. నాలాంటివాడికి మెకెంజీ కోర్సు నచ్చడం, అంతర్జాతీయ ఛాంపియన్‌కీ అదే కోర్సు నచ్చడం మామూలు విషయం కాదు. ఆయన పనితనమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

మెకెంజీ చదువుకున్నది డాక్టరీ. 1870లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టి, కేంబ్రిడ్జ్‌లో చదివి, బోయర్ యుద్ధానికి సర్జన్‌గా దక్షిణాఫ్రికా వెళ్లాడు. తిరిగొచ్చి లీడ్స్‌లో ప్రాక్టీసు చేస్తూ, 1907లో ఆ ఊరి దగ్గర ఆల్వుడ్లీ కోర్సుతో రూపకల్పనలో దిగాడు. ఆటగాడిగా ఆయనది చాలాకాలం మధ్యరకం ఆటే. ఇది చిన్న విషయం కాదు. అంతంతమాత్రంగా ఆడేవాడి బాధ ఆయనకు స్వయంగా తెలుసు. పోయిన బంతి కోసం గడ్డిలో వెతుక్కోవడమంటే ఆయనకు పరమ చిరాకు. 1920లో వచ్చిన తన చిన్న పుస్తకం ‘గోల్ఫ్ ఆర్కిటెక్చర్’లో మంచి కోర్సుకు ఉండాల్సిన 13 లక్షణాలు రాశాడు. బంతి వెతుక్కునే బెడద ఉండకూడదన్నది వాటిలో ఒకటి. గ్రీన్ నుంచి తర్వాతి టీకి ఎక్కువ నడక ఉండకూడదన్నది ఇంకొకటి. కొత్తగా నేర్చుకుంటున్నవాడు స్కోరు కొండలా పేరుకుపోతున్నా ఆనందంగా ఆడగలగాలన్నది కూడా ఆ వరసలోనే ఉంది. సాహసం చేసి దాటాల్సిన చోట్లు పెట్టాలి గానీ, అది చేతకానివాడికి ఒక స్ట్రోక్, అంటే ఒక దెబ్బ, పోగొట్టుకుంటే వెళ్లగలిగే ఇంకో దారి విడిచిపెట్టాలన్నది నా దృష్టిలో అన్నిటికీ మూలం.

గోల్ఫ్ తెలియని పాఠకులకు ఒక మాట. కోర్సులో 18 హోల్స్ ఉంటాయి. ప్రతి హోల్‌కీ టీ అనే చోట మొదలుపెట్టి, ఫెయిర్‌వే మీదుగా, ఇసుక గుంటలైన బంకర్లను తప్పించుకుంటూ, గ్రీన్ మీదున్న రంధ్రంలో బంతి వేయాలి. ఎన్ని దెబ్బల్లో వేశామన్నదే లెక్క. మంచి ఆటగాడు ఎన్నిట్లో వేయాలో ఆ సంఖ్య పార్. రూపశిల్పి చేసే పనల్లా ఈ టీకీ గ్రీన్‌కీ నడుమ ఏమేం పెట్టాలో, ముఖ్యంగా ఏమేం పెట్టకూడదో తేల్చడం.

1914లో ‘కంట్రీ లైఫ్’ పత్రిక ఒక పోటీ పెట్టింది. పార్ 4 హోల్ ఒకటి గీసి పంపమంది. మెకెంజీ గీసిన బొమ్మ గెలిచింది. అందులో టీ నుంచి గ్రీన్‌కి అయిదు దారులున్నాయి. బలం ఉన్నవాడు ఎగిరించి దాటే దారి నుంచి, బలం లేనివాడు నెమ్మదిగా చుట్టూ తిరిగి వచ్చే దారి దాకా. ధైర్యానికి తగ్గ లాభం, భయానికి తగ్గ నష్టం. ఎవరికీ దారి మూసేయలేదు. ఆ బొమ్మను న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో కడుతున్న లిడో కోర్సులో చివరి హోల్‌కి వాడుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ కోర్సు పోయింది. విస్కాన్సిన్‌లో దాన్ని మళ్లీ అచ్చంగా కట్టి 2023లో తెరిచారు. డాక్టరు ఆ తర్వాత చేసిన పనంతటికీ ఆ ఒక్క బొమ్మలోనే విత్తనం ఉందనిపిస్తుంది.

సైప్రస్ పాయింట్ 16వ హోల్ గోల్ఫ్ ఆడనివాళ్లు కూడా ఫొటోలో చూసి ఉంటారు. టీ ఒక రాతి కొసన. గ్రీన్ ఎదుటి రాతి కొసన. దూరం 220 గజాల పైచిలుకు, నడుమ అంతా పసిఫిక్. పార్ 3. నిజానికి ఆ స్థలం మీద ముందు పని మొదలుపెట్టింది సెత్ రేనర్ అనే రూపశిల్పి. ఆయన 1926లో చనిపోయాక పని మెకెంజీ చేతికొచ్చింది. ఆ కోర్సు పథకాన్ని నడిపిస్తున్న మేరియన్ హాలిన్స్ 1921 అమెరికా మహిళల అమెచ్యూర్ ఛాంపియన్. అంత దూరం సముద్రం మీంచి కొట్టడం అసాధ్యమని ఎవరో అంటే, ఆవిడ అక్కడే బంతి పెట్టి అవతలి గట్టుకు కొట్టి చూపించిందని చెబుతారు. ఆ హోల్ ఘనత ఆవిడదేనని మెకెంజీ తన రాతల్లో ఒప్పుకున్నాడు.

ఫొటోలో సముద్రమే కంటికి కొడుతుంది. కోర్సు గీసేవాళ్లు చూసేది ఎడమ పక్కనున్న నేలని. అక్కడికి బంతి పంపడం నాలాంటివాడికీ సాధ్యమే. అక్కణ్నుంచి రెండో దెబ్బకు గ్రీన్ ఎక్కించి, అదృష్టం బాగుండి ఒక్క పట్‌లో, అంటే గ్రీన్ మీద దొర్లించే ఒక్క దెబ్బలో, వేస్తే మూడు, లేదంటే నాలుగు. అంటే ప్రపంచంలోనే భయపెట్టే హోల్‌గా పేరుపడ్డ చోట కూడా బలహీనుడి స్కోరు నాలుగుతో ముగియవచ్చు. మగతనం చూపించబోయి నేరుగా కొట్టి బంతులు సముద్రానికి సమర్పించుకున్నవాడి లెక్క ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. ఆ ఎడమ నేల లేకపోతే అది ఒట్టి శిక్ష. అది ఉండబట్టే పేచీ ఆటగాడికీ సముద్రానికీ నడుమ నుంచి ఆటగాడికీ వాడి అహంకారానికీ నడుమకు వచ్చింది.

నేను ఆడి చూసి చెప్పగలిగింది పాసటియెంపో గురించి. అదీ హాలిన్స్ చలవే. 1929 సెప్టెంబరులో తెరిచినప్పుడు మొదటిరోజు ఆడినవాళ్లలో బాబీ జోన్స్ ఉన్నాడు. ఆ వారమే పెబుల్ బీచ్‌లో అమెచ్యూర్ పోటీ మొదటి రౌండ్‌లోనే ఓడటంతో ఖాళీ దొరికి, మెకెంజీ కోర్సులు చూసే అవకాశం కలిగింది. అగస్టాకు మెకెంజీని పిలవడానికి ఆ పరిచయం తోడ్పడింది. డాక్టరు అక్కడే ఆరో హోల్ పక్కన ఇల్లు కట్టుకున్నాడు. 1934 జనవరిలో పోయిందీ అక్కడే. మొదటి మాస్టర్స్ ఆ మార్చిలో జరిగింది. ఆయన చూడలేదు. అగస్టా వాళ్లు ఇస్తామన్న ఫీజు కూడా పూర్తిగా ఆయనకు అందలేదు.

పాసటియెంపోలో రుసుం కట్టి ఎవరైనా ఆడొచ్చు, ఆ రుసుం గట్టిగానే ఉంటుంది గానీ. అక్కడి 16వ హోల్ మెకెంజీకి బాగా ఇష్టమైన పార్ 4 అంటారు. టీ మీద నిలబడితే గ్రీన్ కనపడదు. ఎదుట మిట్ట, ఆ మీద ఆకాశం. మిట్ట దాటేలా కొట్టి, పైకెక్కి చూస్తే నేల కిందికి జారి ఉంటుంది. అడుగున లోతైన వాగు. వాగు అవతల గ్రీన్, మూడు మెట్లుగా మనవైపు వాలి ఉంటుంది. జెండా పై మెట్టు మీద ఉందనుకోండి, కింది మెట్టు మీద ఆగిన బంతిని పైకి తోయడం ఎంత కష్టమో, పై నుంచి కిందికి వేయాల్సి వస్తే బంతిని ఆపడం అంతకంటే కష్టం. నేను రెండో దెబ్బ వాగు ఇవతలే ఆపి, మూడోది చిన్నగా ఎత్తి వేస్తాను. అయిదుతో బయటపడితే చాలనుకుంటాను. గట్టి ఆటగాడు రెండో దెబ్బకే గ్రీన్ ఎక్కి, తప్పు మెట్టు మీద ఆగి, మూడు పట్లు వేసి అదే అయిదు రాసుకుంటాడు. ఆ క్షణంలో మా ఇద్దరిదీ ఒకే కార్డు.

ఆట కొత్తగా మొదలుపెట్టిన మా తమ్ముడి కొడుకును ఒకసారి అక్కడికి తీసుకెళ్లాను. బ్యాగులో ఉన్న బంతులన్నీ వాగుల్లో పోసుకున్నాడు. కారు దగ్గరికొచ్చాక, “పెదనాన్నా, స్కోరు ఎవరికీ చెప్పకు. కానీ ఆ పదకొండోది ఇంకోసారి ఆడాలి, వాగు ఎక్కడ దాటాలో ఇప్పుడు తెలిసింది” అన్నాడు. పదకొండో హోల్ ఎగువకు సాగుతుంది, వాగు దాన్ని ఏటవాలుగా కోస్తుంది. ఎంత ముందు దాటితే అంత లాభం, అంత ప్రమాదం. పిల్లవాడికి స్కోరు గుర్తులేదు, వాగు గీత గుర్తుంది.

మెకెంజీ చేతిలో ఇంకో విద్య ఉంది, మోసం. దాన్ని నేర్పింది యుద్ధం. దక్షిణాఫ్రికాలో బోయర్లు తమ కందకాలను శత్రువు కంటికి దొరక్కుండా నేలలో కలిపేయడం ఆయన గమనించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి అదే విద్య, కామఫ్లాజ్, బోధించాడు. కోర్సు మీద దాన్నే తిరగేశాడు. ఆయన బంకర్లకు గుండ్రని అంచులుండవు. గాలి కోసిన ఇసుక దిబ్బల్లా వంకరటింకరగా, నాలుకలు చాచినట్టుంటాయి. దూరం నుంచి చూస్తే ఇసుక అంచు గ్రీన్‌ను ఆనుకునే ఉన్నట్టుంటుంది. దగ్గరికెళ్తే నడుమ పది పదిహేను గజాల గడ్డి బయటపడుతుంది. గ్రీన్ దగ్గర్లోనే ఉందనుకున్న కన్ను చేతిని మోసం చేసి దెబ్బ కురచ చేయిస్తుంది. ఇక్కడ కూడా దెబ్బతినేది తొందరపడ్డవాడే. గజాలు లెక్కపెట్టుకుని కొట్టినవాడు బంకర్ వైపు చూడనక్కర్లేదు.

ఇదంతా కాగితం మీద గీతతో అయ్యేది కాదు. 1926 చివర్లో మెకెంజీ ఆస్ట్రేలియాలో ఉన్నది కొద్ది నెలలే. రాయల్ మెల్బోర్న్ వెస్ట్ కోర్సు 1931లో తెరిచారు. ఆ నడుమ ఆయన గీతను నేలలో దింపింది అలెక్స్ రసెల్ అనే ఆటగాడు, మిక్ మోర్కమ్ అనే గ్రీన్‌కీపర్. గ్రీన్ అంచు దగ్గర ఇసుక గోడను చాకుతో కోసినట్టు నిలబెట్టిన ఆ బంకర్లు చూస్తే మోర్కమ్‌కు సగం వాటా ఇవ్వాలనిపిస్తుంది. గీసినవాడి పేరే జాబితాల్లో మిగలడం అన్ని పనుల్లోనూ ఉన్నదే అనుకోండి.

అగస్టా మొదట్లో ఎలా ఉండేదో చదివితే ఇప్పటి టీవీ ప్రేక్షకుడు నమ్మడు. బంకర్లు 22. పొడుగు గడ్డి అసలు లేదు. విశాలమైన ఫెయిర్‌వేలు. మామూలు సభ్యుడు ఎటు కొట్టినా బంతి దొరికేది. ఛాంపియన్‌కి మాత్రం ఎటు కొడితే గ్రీన్ తెరుచుకుంటుందో తెలియాలి. తర్వాత్తర్వాత బంకర్లు పెరిగాయి, చెట్లు పెరిగాయి, 1999లో అంచుల్లో గడ్డి పెంచారు, పొడవు 7,500 గజాలు దాటింది. పదో హోల్ గ్రీన్‌ను 1937లో వెనక్కి జరిపారు. మెకెంజీ ఆ గ్రీన్ పక్కన వేసిన పెద్ద బంకర్ ఇప్పుడు ఫెయిర్‌వే నడుమ పని లేకుండా ఉంది. తప్పంతా క్లబ్బుదే అనలేం. బంతి మరీ దూరం పోతోందని, దానికి కళ్లెం వేయాలని మెకెంజీ ఆ రోజుల్లోనే మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. బంతిని ఆపలేక నేలను సాగదీస్తున్నారు. సాగదీసిన ప్రతిసారీ బలహీనుడి దారి ఇంకాస్త పొడవవుతుంది.

నా ఓటు ఎవరికని అడిగితే, కట్టుబడిలో పాసటియెంపోకి, మనసులో షార్ప్ పార్క్‌కి. షార్ప్ పార్క్ శాన్‌ఫ్రాన్సిస్కో నగరపాలక సంస్థది. 1932లో తెరిచారు. సముద్రపు ఒడ్డున ఆయన వేసిన కొన్ని హోల్స్‌ను తుఫాన్లు మింగేశాయి. కట్ట కట్టి, కొన్ని హోల్స్ లోపలికి జరిపారు. అరుదైన ఎర్రకాళ్ల కప్పలు, పాములు అక్కడి మడుగులో ఉన్నాయని కోర్టు కేసులూ నడిచాయి. గ్రీన్లు పాసటియెంపో అంత నున్నగా ఉండవు, కొన్నిచోట్ల గడ్డి పలచగా ఉంటుంది. అయినా అక్కడ రిటైరైన బస్సు డ్రైవరు పక్కన సాఫ్ట్‌వేర్ కుర్రాడు, వాళ్ల వెనక ముగ్గురు ముసలమ్మలు బండ్లు తోసుకుంటూ ఆడుతుంటారు. స్కోరు పేరుకుపోయినా ఆనందంగా ఆడాలన్న ఆ లక్షణానికి సాక్ష్యం కావాలంటే అగస్టాలో దొరకదు, ఇక్కడ దొరుకుతుంది. అందుకే నగరం ఆ కోర్సుకు పెట్టే ఖర్చు దండగ అన్నవాళ్లతో నేను ఒప్పుకోను.

కఠినంగా ఉంటేనే గొప్ప కోర్సని వాదించే మిత్రులు నాకు ఉన్నారు. కఠినం చేయడానికి పనితనం ఎందుకు? చెరువు తవ్వి, గడ్డి పెంచి వదిలేస్తే చాలు. కష్టమున్న చోటే తేలిక దారి కూడా దాచి, రెంటికీ ధర కట్టడమే పనితనం. మెకెంజీ కోర్సుకు మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కొట్టబోయే ముందు రెండో దారి ఎక్కడుందో చూడండి, ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది. ఖరీదు ఒక్క స్ట్రోక్. కట్టడానికి సిగ్గుపడకండి, డాక్టరుగారు దాన్ని ముందే లెక్కలో వేసి ఉంచారు.